బేరమునకు కంప్యూటరు సాయము

బేర మనగానే వెల మాత్రమే మనకు తోచును. సరకు ఎన్నడు చేరవలెను, సొమ్ము ఎన్నడు ముట్టవలెను, చెడిన సరకు నెవరు భరింపవలెను అనునవియు బేరములోనివే. వీని నన్నిటిని ఒక్కసారి మనస్సున తూచుట కష్టము. ఈ పనియందు కంప్యూటరు ఎట్లు తోడ్పడునో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపగోరి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మన దేశమున 2016వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన ఆరంభమైన ఈ-నామ్ నందు వర్తకులు కంప్యూటరు ద్వారా రైతు సరకునకు వెల పలుకుదురు. అది వేలము గనుక పోటీ వెల మీదనే. ఇరువురు పలు విషయములను తేల్చుకొనుటకు వేరు సాధనము కావలెను. కెనడా దేశపు కార్లటన్ విశ్వవిద్యాలయమున గ్రెగరీ కెర్స్టెన్ పండితుడును సహచరులును సిద్ధపరచిన ఇన్‌స్పైర్ అట్టిది. అది 1996లో వాడుకకు వచ్చెను. పలు దేశముల విద్యార్థులు దానియందు సైకిలు భాగముల క్రయవిక్రయమును అభ్యసించిరి.

దాని పద్ధతి యిట్టిది. పలాసలో జీడిపప్పు అమ్మువాడొకడు, విశాఖపట్టణమున కొనువాడొకడు కలరనుకొందము. బేరమునకు ముందే ప్రతివాడును తనకు ఏది యెంత ముఖ్యమో నూటికి మార్కులు వేసికొనవలెను. కూలి చెల్లింపవలసిన అమ్మకందారు వెలకు 40, సొమ్ము త్వరగా ముట్టుటకు 50, సరకు పంపుటకు తనకు తీరిక చిక్కుటకు 10 వేసెను. పండుగ ముంచుకొనివచ్చిన కొనుగోలుదారు వెలకు 50, సరకు త్వరగా చేరుటకు 40, సొమ్మునకు గడువు దొరకుటకు 10 వేసెను. వెల నట్లుంచి, తక్కిన రెంటిని చెరిసగము చేసికొన్నచో అమ్మువానికి 30, కొనువానికి 25 మార్కులు వచ్చును. సరకు వెంటనే పంపి, సొమ్ము వెంటనే యిచ్చినచో వరుసగా 50, 40 వచ్చును. ఒకరికి నష్టము లేకయే యిరువురును బాగుపడిరి గదా!

ఒడంబడిక కుదిరిన పిదపను ఇరువురకు మేలైన మార్గము మిగిలియున్నయెడల ఇన్‌స్పైర్ దానిని చూపును. అంగీకరించుట వారి యిష్టము.

అయితే కంప్యూటరు మన మిచ్చిన మార్కులనే లెక్కించును. రేపు అప్పు తీర్పవలసి, వేరొక కొనువాడు లేనివాని యిక్కట్టును అది తీర్పజాలదు. కావున సరకు బండి కెక్కింపకముందే, బేరము కుదరకున్న ఏమి చేయుదుమో ఆలోచించి యుంచుకొనవలెను. ఆ మార్కుల పట్టికకు కంప్యూటరైనను అక్కరలేదు. పిల్లవాని పలకయు బలపమును చాలును.