విమానం దిగేదానికి అన్నెకరాలు ఎందుకు? – బేగంపేట చెప్పే జవాబు

మా పలమనేరు వాళ్లకి విమానం ఎక్కాలంటే ముందు గుర్తొచ్చేది బెంగళూరు. ముళబాగిలు, కోలారు మీదుగా బస్సులో పోతే సరి. లేదంటే మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు దాటి, రేణిగుంట చేరాలి. ఇప్పుడు కుప్పం విమానాశ్రయం మాట మళ్లీ గట్టిగా వినబడుతోంది. 2019 జనవరిలోనే దానికి శంకుస్థాపన జరిగింది. కుప్పం వైపు మా మామకి రెండెకరాల మల్బరీ తోట ఉంది. సెలవులకి పోయినప్పుడు ఆయన ఒకటే మాట అడిగాడు: "ఇంజనీరింగ్ చదవతా ఉండావు గదా, విమానం దిగేదానికి అన్నెకరాలు ఎందుకురా?"

నేను వెంటనే చెప్పలేకపోయాను. జవాబు వెతుక్కుంటూ పోయి హైదరాబాద్ బేగంపేట దగ్గర తేలాను. కానీ ఆ కథ నిజానికి మన సీమ గడ్డ మీదుగానే మొదలవుతుంది.

1932 అక్టోబర్ 15. జె.ఆర్.డి. టాటా కరాచీలో పుస్ మాత్ అనే చిన్న విమానం ఎక్కి, అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరారు. అందులో ప్రయాణికులు లేరు, ఉత్తరాల మూటలే. బొంబాయి నుంచి ఆ మూటలు తీసుకుని నెవిల్ విన్సెంట్ అనే పైలట్ మద్రాసు బయల్దేరాడు. ఆ రాత్రి మజిలీ ఎక్కడో తెలుసా? బళ్లారి! అప్పట్లో బళ్లారి మద్రాసు రాష్ట్రంలో, దత్త మండలాల్లో భాగం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అది మైసూరుకి వెళ్లింది. దారి చూపే దీపాలు, రేడియో సంకేతాలు లేని కాలం కాబట్టి పొద్దు గూకితే విమానం నేల మీద ఉండాల్సిందే. మర్నాడు మద్రాసు.

ఆ రోజుల్లో విమానాశ్రయమంటే చదునైన మైదానం, అంతే. బొంబాయిలో జుహు మైదానం వానాకాలంలో నీటమునిగితే విమానాల్ని పూనాకి మార్చేవారు. కొన్నేళ్లకే ఈ టపా దారిలో బళ్లారి పోయి హైదరాబాద్ వచ్చింది.

హైదరాబాద్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉంది. 1932లోనే నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి ఒక వేరు అక్కడుంది. రైలు, బస్సు తర్వాత మిగిలింది గాలే కదా! 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్ పుట్టింది. హుస్సేన్ సాగర్‌కి దగ్గర్లో, జంట నగరాల పక్కనే ఉన్న బేగంపేట మైదానం దానికి చోటైంది. 1937లో అక్కడ టెర్మినల్ భవనం కట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. యుద్ధంలో సైన్యం వాడిన డకోటా విమానాలు అప్పుడు చవగ్గా దొరికేవి. ఇరవై ముప్పై మంది కూర్చునే ఆ విమానాలతో బేగంపేట నుంచి మద్రాసు, బెంగళూరు, ఢిల్లీలకు సర్వీసులు నడిచాయి. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకున్నారు. మిగతా సంస్థలు ఆడమనిషికి విమానం అప్పజెప్పడానికి వెనకాడితే, ఉద్యోగం ఇచ్చింది ఈ హైదరాబాద్ సంస్థే. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఇక్కడి నుంచే మా మామ ప్రశ్నకి జవాబు మొదలవుతుంది. పుస్ మాత్‌కి కొన్ని వందల మీటర్ల పచ్చిక చాలు. డకోటాకి అంతకన్నా ఎక్కువ కావాలి. జెట్ విమానానికి రెండు కిలోమీటర్ల పైన గట్టి రన్‌వే ఉండాలి. రన్‌వే చివర్ల అవతల కూడా ఖాళీ స్థలం వదలాలి, చుట్టూ కట్టడాల ఎత్తు మీద ఆంక్షలు పెట్టాలి. 1972లో బేగంపేటకి దక్షిణం వైపు కొత్త టెర్మినల్ వచ్చింది. కానీ ఈలోగా ఊరే రన్‌వే చుట్టూ అల్లుకుపోయింది. పెరగడానికి ఏ పక్కా చోటు లేదు. చివరికి 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి తరలిపోయాయి. అక్కడ సుమారు 5,500 ఎకరాలు, 4,260 మీటర్ల రన్‌వే.

ఎత్తు సంగతి ఇంకొకటి. మా పలమనేరు సముద్రమట్టానికి సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. రెక్కలకి అంతే లిఫ్ట్ కావాలంటే విమానం ఇంకా వేగంగా, అంటే ఇంకా దూరం పరుగెత్తాలి. ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ రన్‌వే పొడవు 7 శాతం పెంచాలని అంతర్జాతీయ లెక్క. ఆ లెక్కన సముద్రతీరంలో 2,000 మీటర్లు సరిపోయే విమానానికి మా ఎత్తులో సుమారు 2,320 మీటర్లు కావాలి. ఎండాకాలపు వేడికి ఇంకొంచెం కలపాలి.

ఇదంతా ఒక కాగితం మీద గీసి మామకి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "సరే, పొడుగు అర్థమైంది. మరి ఏ విమానం కోసం ఇదంతా? చిన్నదానికా, పెద్దదానికా? అది చెప్తే గదా ఎన్నెకరాలో తేలేది!" అన్నాడు.

మైదానాన్ని చిన్న విమానానికి ఎంచుకుని, పెద్ద విమానం వచ్చాక చోటు చాలక వెతుక్కోవడమే బేగంపేట కథ. ముందుచూపుతో ఎక్కువ భూమి తీసుకోవాలంటారా, నిజమే. కానీ ఏ విమానానికి, ఎంతమంది ప్రయాణికులకి, ఎన్నేళ్లకి అన్న లెక్క మల్బరీ తోట పోయేవాడికి ముందే చెప్పాలి. మా మామ సివిల్ చదవలేదు. అయినా మన సైట్ సెలెక్షన్ పాఠంలో మొదటి ప్రశ్న ఆయనే అడిగాడు.