పొగమంచు ఎలా పుడుతుంది?

జనవరి తెల్లవారుజామున పశ్చిమ గోదావరి జిల్లా పెంటపాడు చుట్టుపక్కల దాళ్వా వరి చేలు, కాలువ గట్లు పొగమంచులో కనిపించవు. ఎండెక్కేసరికి నీలాకాశం! ఎందుకిలా?

చలికాలంలో రాత్రులు ఎక్కువసేపు ఉంటాయి. ఆకాశం నిర్మలంగా, గాలి నెమ్మదిగా ఉంటే, పగలు వేడెక్కిన నేల ఆ వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. కాలువలు, తడి చేలు, చేపల చెరువులు, నైరుతి దిక్కున కొల్లేరు ఉన్న ఈ ప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. చల్లబడ్డ గాలిలో ఆవిరి ఇమడలేక, దుమ్ము కణాల చుట్టూ సన్నని నీటి బిందువులుగా మారుతుంది. అంటే పొగమంచు నేలను తాకిన మేఘమే! ఎండకు నేల వేడెక్కగానే ఆ బిందువులు ఆవిరైపోతాయి.

మరి పైనున్న మేఘాలు? 1802లో లండన్‌లో మందుల తయారీదారు ల్యూక్ హోవార్డ్ వాటికి పేర్లు పెట్టాడు. ఈకల్లాంటి తెల్లని పీచులు సిర్రస్. చాలా ఎత్తున ఉండే వీటిలో ఉండేవి మంచు స్ఫటికాలు. దూది కుప్పల్లా పేరుకునేవి క్యుములస్. ఆకాశమంతా బూడిదరంగు పొరలా పరుచుకునేవి స్ట్రాటస్.

మేఘాల మాటకొస్తే, చలికాలమంటే వానలుండవనుకోకండి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటింది. కోత దశలో ఉన్న వరి తడిసి కోస్తా రైతులు ఎంతో నష్టపోయారు. అందుకే మబ్బును గమనించడం రైతుకు ప్రాణావసరం.

మీరూ ఒక వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆకాశం చూసి, ఏ మేఘం కనిపించిందో, తర్వాత వాతావరణం ఎలా మారిందో నోటుపుస్తకంలో రాయండి. సూర్యుడివైపు మాత్రం నేరుగా చూడకండి.