మిద్దెకెక్కితే నగలపెట్టె

వానమబ్బు కరువైన అనంత ఆకాశంలో ఏటా వేసవికి వచ్చిపోయే రంగుల చుక్కల గుంపు

తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని తిరుగుతారు. వాన కడిగిన మట్టిలో ఎక్కడైనా రాయి మెరుస్తుందేమోనని ఆశ. ఆ వాన రాకముందే, అదే సీమలో, తలెత్తి వెతకాల్సిన నగలు వేరే ఉన్నాయి. త్రిశంకు నక్షత్రమండలంలో, సుమారు 6,400 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న వంద నక్షత్రాల గుంపు అది. పట్టికల్లో ఎన్‌జీసీ 4755, వాడుకలో ‘జ్యువెల్ బాక్స్’.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లకాయ్ దీన్ని గుర్తించింది 1750ల తొలినాళ్లలో, ఓడెక్కి ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌కు వెళ్లాకే. 1834లో అక్కడికే వెళ్లిన మరో శాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్ దీన్ని రంగురాళ్ల పెట్టెతో పోల్చాడు. ఆ పేరే నిలిచింది. లండన్‌లో ఈ గుంపు ఎప్పటికీ ఉదయించదు. ఢిల్లీలో నేలను రాసుకుంటూ పోతుంది. అనంతపురంలో మాత్రం 15 డిగ్రీల ఎత్తుకు, అంటే చాచిన చేతికి జానెడు కంటే కాస్త తక్కువగా లేస్తుంది.

నీలాల నడుమ కెంపు

ఆరంగుళాల టెలిస్కోపులో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా అమరిన చుక్కలు కనిపిస్తాయి. దాదాపు అన్నీ నీలి తెలుపు. నడుమ ఒక్కటే నారింజ ఎరుపు. దాని పేరు డీయూ క్రూసిస్. ఫోకస్‌ను రవ్వంత చెదరగొడితే రంగులు ఇంకా బాగా తేలతాయి.

నక్షత్రాల్లో నీలం వేడిది, ఎరుపు చల్లనిది. ఇవన్నీ ఒకే మేఘంలో, కోటి ఏళ్ల పైచిలుకు కిందట పుట్టాయి. 460 కోట్ల ఏళ్ల సూర్యుడి ముందు పసికందులే. అయినా బరువైన నక్షత్రం ఇంధనాన్ని తొందరగా తగలేస్తుంది. ఆ ఎర్రది తోడబుట్టినవాటికంటే ముందే ముసలిదై, ఉబ్బి, పైపొర చల్లారింది.

కరువు, ఆకాశం

పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డుకుంటాయి. ఈశాన్య మేఘం బంగాళాఖాతం నుంచి అనంతపురం చేరేసరికి చిక్కిపోతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన. చెనక్కాయ ఎండిన రైతుకు చుక్కలు చూపిస్తామంటే వెటకారమే. కానీ మబ్బులేని రాత్రులను వాడుకోకపోతే అది ఇంకో నష్టం.

ఇబ్బందీ ఉంది. అంత కిందనున్న గుంపు వెలుగు నడినెత్తి చుక్క వెలుగు కంటే దాదాపు నాలుగింతల గాలిని దాటి రావాలి. అందులో ఎండాకాలపు దుమ్ము. ఒక జల్లు పడి దుమ్ము అణిగిన మర్నాటి రాత్రి చూడటం మేలు.

ఏప్రిల్ నెలాఖరున పదిన్నరకు, మే నడుమ తొమ్మిదిన్నరకు మిద్దె ఎక్కండి. ఉత్తరాన అరుంధతిని చూసి, వెనక్కి తిరగండి. దక్షిణాన నిటారుగా నిలబడ్డ త్రిశంకు నాలుగు చుక్కల్లో ఎడమది మిమోసా. దానికి డిగ్రీ దూరంలో, ఎడమవైపు కాస్త కింద, మసక చుక్కలా ఉన్నదే నగలపెట్టె. బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టినా చాలు. బడి సెలవులు కాబట్టి పిల్లల్నీ పిలవండి. ముంగారు మబ్బు కమ్మిందంటే మళ్లీ వచ్చే వేసవికే.