ఎమెచ్యూర్ అంటే ఎవరు?

సాహిత్ తీగల. ఈ పేరు మొదటిసారి చూసినప్పుడు ఎవరో కొత్త కవి అనుకున్నాను. మన డిపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అలాగే అనుకుంటారు. పేరులో సాహిత్యం ఉంది, ఇంటిపేరులో తీగ ఉంది. తీరా చూస్తే గోల్ఫ్ ఆటగాడు, అమెరికాలో పుట్టిన తెలుగబ్బాయి.

మన రాయగడలో, కోరాపుట్‌లో క్రికెట్ ఆడని వీధి లేదు గానీ, గోల్ఫ్ కర్ర పట్టుకున్న మనిషిని మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. అందుకే ముందు ఆట గురించి రెండు ముక్కలు. పెద్ద పచ్చిక మైదానం, అందులో 18 గుంతలు. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి ఒక్కో గుంతలో వెయ్యాలి. క్రికెట్‌లో ఎక్కువ పరుగులు చేసినవాళ్ళు గెలుస్తారు కదా, ఇక్కడ తక్కువ దెబ్బల్లో పూర్తి చేసినవాళ్ళు గెలుస్తారు. దారిలో బంకర్లని ఇసుక గుంటలుంటాయి. బంతి అందులో పడితే, కొట్టడానికి కర్ర వెనక్కి ఎత్తేటప్పుడు అది ఇసుకకి తగలకూడదు. తగిలితే లెక్కలో రెండు దెబ్బలు అదనంగా కలుపుతారు. ఇంకో సంగతి, ప్రతి ఆటగాడి పక్కనా అంపైర్ ఉండడు. తప్పు చేస్తే తనే ఒప్పుకోవాలి.

ఇక ఎమెచ్యూర్. ప్రేమించడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ తెలుగులో "ఔత్సాహిక" అంటుంది, నాన్న ఒడియాలో "సౌఖీన్" అంటారు. ఒకదాంట్లో ఉత్సాహం ఉంది, ఇంకోదాంట్లో షోకు ఉంది. కానీ మనం మాట్లాడేటప్పుడు మాత్రం "ఇంకా సరిగ్గా రానివాడు" అన్నట్టు వాడేస్తాం. గోల్ఫ్‌లో అలా కాదు. ఎంత గొప్పగా ఆడినా సరే, ఆటని సంపాదనగా చేసుకోనివాడే ఎమెచ్యూర్.

సాహిత్ 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. అమ్మానాన్నలది హైదరాబాద్. అతనికి వెన్నెముక కాస్త వంకర, స్కోలియోసిస్ అంటారు. అయినా ఆ ఒంటికి తగ్గట్టే తనదైన పద్ధతిలో కర్ర తిప్పడం నేర్చుకున్నాడు. పెపర్‌డైన్ యూనివర్సిటీలో చదువుకుంటూ కాలేజీ జట్టుకి ఆడాడు. 2017లో పెద్ద పెద్ద ప్రొఫెషనల్స్ ఆడే యూఎస్ ఓపెన్‌కి ఎమెచ్యూర్‌గానే అర్హత సాధించాడు. తర్వాత మణికట్టుకి ఆపరేషన్ జరిగి, 2018-19 సీజన్ మొత్తం కూర్చోవాల్సి వచ్చింది. తిరిగొచ్చి 2020లో బెన్ హోగన్, హాస్కిన్స్, జాక్ నిక్లాస్ అవార్డులు మూడూ తెచ్చుకున్నాడు. కాలేజీ ఆటగాళ్ళకి అంతకంటే పెద్ద గౌరవాలు లేవు. ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయ్యాడు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. పీజీఏ టూర్‌లో అతని మొదటి గెలుపు అదే.

కానీ నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గెలుపు కాదు. 2024లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానంలో టూర్ ఛాంపియన్‌షిప్ జరిగింది. సీజన్ చివర మిగిలిన 30 మందే ఆడే పోటీ అది. మూడో రోజు సాహిత్ బంతి బంకర్‌లో పడింది. కర్ర వెనక్కి ఎత్తినప్పుడు కాస్త ఇసుక కదిలినట్టు అతనికి అనిపించింది. ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు. రెండు దెబ్బలు కలిపారు. చివరికి మూడో స్థానం, 75 లక్షల డాలర్లు. ఆ రెండు దెబ్బలే లేకపోతే రెండో స్థానం పంచుకుని కోటి డాలర్లు అందుకునేవాడు. తేడా మన డబ్బులో 20 కోట్లకు పైమాటే.

అదే ఈస్ట్ లేక్‌లో చిన్నప్పుడు ఆట నేర్చుకున్న ఇంకొకాయన ఉన్నారు, బాబీ జోన్స్. వృత్తి లాయరు, ఆటలో జీవితాంతం ఎమెచ్యూర్. 1925 యూఎస్ ఓపెన్‌లో గడ్డిలో ఉన్న బంతి కాస్త కదిలిందని తనంతట తనే చెప్పి, ఒక దెబ్బ కలిపించుకున్నారు. చివరికి స్కోరు సమానమై, ప్లేఆఫ్‌లో ఓడిపోయారు. 1930లో అప్పటి నాలుగు పెద్ద పోటీలూ ఒకే ఏడాది గెలిచి, 28 ఏళ్ళకే పోటీల నుంచి తప్పుకున్నారు.

డబ్బు తీసుకోకుండా ఆడటం అందరికీ కుదరదు. జోన్స్‌కి వేరే వృత్తి ఉంది, సాహిత్‌కి ఆటే వృత్తి. అందుకే సాహిత్‌ని ప్రొఫెషనల్ అంటారు. కానీ ఆ రోజు బంకర్‌లో అతను చేసింది ఎమెచ్యూర్ పనే. ఆట మీద ప్రేమ ఉన్నవాడే అలా చెయ్యగలడు.

ఇది చదివాక నాకు పోయిన ఏడాది మన కాలేజీ త్రోబాల్ మ్యాచ్ గుర్తొచ్చింది. బంతి నా వేళ్ళకి తగిలి గీత బయట పడింది. రిఫరీ చూడలేదు, పాయింట్ మాకే ఇచ్చారు. నేను నోరు మెదపలేదు. కోట్లు కాదు కదా, బహుమతి స్టీలు గిన్నె. అది ఇప్పటికీ మా వంటింట్లోనే ఉంది. అవతలి జట్టులో ఆడిన అక్కలు ఇక్కడ ఆగి ఇది చదువుతుంటే, ఒక్క మాట. ఆ పాయింట్ మీది.