స్టేషన్‌లో రాసుకోనప్పుడు పేపరేం రాయాలి?

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు తిరగేస్తుంటే ఏదో ఒక మూల ఆ వార్త ఉండనే ఉంటుంది... ‘యువతిపై అత్యాచారం’. “అయ్యో పాపం” అనుకుంటాం. కాలేజీకి బయల్దేరుతున్న అమ్మాయికి నాలుగు జాగ్రత్తలు ఎక్కువ చెబుతాం. తర్వాత వంటపనిలో పడిపోతాం.

కానీ ఆ వార్త పేపరుకెక్కే ముందు ఆ ఇంటివాళ్లు పోలీసు స్టేషన్ మెట్లెక్కి ఉంటారు. అక్కడ వాళ్లకు ఏం జవాబు దొరికింది? ‘ఇది మా పరిధి కాదు’, ‘ఎవరితోనో వెళ్లుంటుంది, తెల్లారేసరికి వస్తుందిలెండి’, ‘కేసు పెడితే పరువు పోయేది మీకే’... ఇలాంటి మాటలు విని వెనక్కి తిరిగిన తల్లిదండ్రులు ఎంతమందో! స్టేషన్ పుస్తకంలోకి ఎక్కని ఆ మాటల్ని బయటపెట్టాల్సింది పత్రికే.

నల్లకుంట నుంచి ఢిల్లీ దాకా

1978 మార్చి నెలాఖరు. హైదరాబాదులో సెకండ్ షో సినిమా చూసి భర్తతో వస్తున్న ఒక పేద యువతిని పోలీసులు నల్లకుంట స్టేషన్‌కి తీసుకెళ్లారు. అక్కడ పోలీసులే తనపై అత్యాచారం చేశారని ఆమె చెప్పింది. ఇదేం అన్యాయమని అడిగిన భర్త, రిక్షా లాగి బతికే మనిషి, దెబ్బలకు ప్రాణాలు వదిలాడు. నగరం భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో ఆమె నడవడి మంచిది కాదని చూపించడానికే పోలీసుల తరఫువాళ్లు తంటాలు పడ్డారు. అయినా కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కానీ కేసు కర్నాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో వాళ్లంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

మహారాష్ట్రలో ఒక గిరిజన బాలికదీ అదే కథ. 1972లో స్టేషన్‌లోనే ఆమెపై అత్యాచారం జరిగింది. ఒంటిమీద గాయాలు లేవు, గట్టిగా ప్రతిఘటించలేదు అంటూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ వదిలేసింది. అప్పుడు ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. స్టేషన్‌లో పోలీసుల మధ్య బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ పిల్ల నోరెత్తకపోతే ఒప్పుకున్నట్టేనా అని నిలదీశారు. లేఖ పత్రికలకెక్కింది, ఊరూరా మహిళా సంఘాలు వీధిలోకొచ్చాయి. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో అత్యాచారం కేసులో ఆమె ‘నేను ఒప్పుకోలేదు’ అంటే కోర్టు ముందుగా ఆమె మాటే నమ్మాలి. బాధితురాలి పేరు అచ్చువేయడం కూడా అప్పుడే నేరమైంది.

ఆ రాత్రి గంటలు

చట్టం మారింది కదా, స్టేషన్ మారిందా? 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. ఇంటివాళ్లు స్టేషన్‌కి పరుగెత్తితే పరిధి లెక్కలతో ఆలస్యం జరిగింది. తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. అప్పటికి ఆమె ఈ లోకంలో లేదు.

పత్రికలు, టీవీలు ఏం చేశాయి? చాలామంది ఆమె పేరు, ఫొటో ఇల్లిల్లూ తిప్పేశారు. ఆమెను ‘దిశ’ అనడం ఆ తర్వాతే. డిసెంబరు 6న నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎందరో పోలీసుల మీద పూలు చల్లారు. అవి కావాలని చంపడానికే జరిపిన కాల్పులని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలజల్లులో అసలు ప్రశ్న అడుగున పడిపోయింది. ఆ మొదటి రాత్రి అన్ని గంటలు ఎందుకు పోయాయి?

మంట ముందు నిలబడి

2020 సెప్టెంబరులో ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్‌లో దాడికి గురైన దళిత యువతి ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూసింది. అత్యాచారం సంగతి తేల్చే నమూనాలు తీసింది దాడి జరిగి వారం దాటాకే! చివరికి అర్ధరాత్రి దాటాక, కన్నవాళ్లకు కడసారి చూపు కూడా దక్కకుండా పోలీసులే దహనం చేశారు. అక్కడికి చేరిన టీవీ రిపోర్టరు తనుశ్రీ పాండే కెమెరా ముందే ‘అక్కడ కాలుతున్నదేమిటి?’ అని పోలీసులను అడిగింది. సూటిగా జవాబు రాలేదు. ఆ ఒక్క ప్రశ్నతోనే దేశానికి సంగతి అర్థమైంది.

అలా అడగబోతే ఊరుకుంటారా? అక్కడికి బయల్దేరిన కేరళ పాత్రికేయుడు సిద్దిక్ కప్పన్‌ని అక్టోబరు 5న దారిలోనే అరెస్టు చేశారు. ఆయన బయటికొచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఆ మరుసటి నెలలో కోర్టు నలుగురిలో ఒక్కడికే శిక్ష వేసింది. అత్యాచారం మాత్రం ఎవరి మీదా రుజువు కాలేదు.

మనం అడగాల్సింది

అమ్మాయి ఏం కట్టుకుంది, ఆ వేళప్పుడు ఎందుకెళ్లింది అని రాసే పేపరు మనకొద్దు. ఫిర్యాదు ఎన్నింటికి ఇచ్చారు, ఎన్నింటికి రాసుకున్నారు, ఆలస్యానికి బాధ్యులెవరు... ఇవి రాసే పేపరు కావాలి. అలా రాయకపోతే ఎడిటరుగారికి ఒక ఉత్తరం ముక్క రాయండి. నెలనెలా పేపరు బిల్లు కట్టేది మనమే కదా!

గుర్తుంచుకోండి

• ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. పరిధి కాకపోతే ‘జీరో ఎఫ్ఐఆర్’ రాసి సరైన స్టేషన్‌కి వాళ్లే పంపాలి.

• అత్యాచారం ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. అడిగి తీసుకోండి.

• అత్యాచారం ఫిర్యాదు రాసుకోని పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు. 2013లో వచ్చిన ఈ నిబంధన 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది.

• స్టేషన్‌లో కాదంటే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది.

• ప్రభుత్వాసుపత్రి అయినా, ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి.

• ఆపదలో 112కి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఈ పేజీ కత్తిరించి వంటగది అలమర తలుపుకి అంటించండి. మీకు అవసరం రాకపోవచ్చు. పక్కింటావిడ ఏడుస్తూ మీ గుమ్మం ముందు నిలబడ్డ రోజున “పరువు పోతుందమ్మా” అనకుండా, “పద, నేనూ వస్తాను” అనడానికి పనికొస్తుంది.