చిట్టాలో పడ్డ మాట ఆవర్జాకి ఎక్కాలంటే

ఫేస్‌బుక్ తెరవగానే ఒకదాని కింద ఒకటి వచ్చిపడే వరస ఉంది కదా, ఎవరో ఫోటో పెట్టడం, ఇంకెవరో దాని కింద రాయడం, మరొకరు లైక్ కొట్టడం, దాన్ని నా ఈడువాళ్ళు చాలామంది పొద్దుపోక చేసే పని అంటారు. మన హోసూరు, డెంకణికోట పక్క తెలుగు మాటలు ఏరుకోవడంలో మాత్రం అది నాకు బాగా పనికొచ్చింది. ఎట్లా పనికొస్తుందో, యాడ మోసం చేస్తుందో రొంత చెప్తాను.

బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు అది చిట్టా లాగానే కనిపిస్తుంది. ఎవరు చేశారు, ఏం చేశారు, దేని మీద చేశారు: ప్రతి పద్దులోనూ ఈ మూడే. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ 2017లో ఇట్లాంటి వరసలకి ఒక పద్ధతి ఖాయం చేసినప్పుడు కూడా ఈ మూడింటినే మూలంగా పెట్టుకుంది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ న్యూస్‌ఫీడ్ పెట్టక ముందు ఎవరి పేజీ చూడాలంటే వాళ్ళ పేజీకే పోవాల్సి వచ్చేది. ఆ తర్వాత పక్కవాడు చేసిన పని మన ముందుకే రావడం మొదలైంది. ఉందని తెలిసిన మాటనైతే నిఘంటువులో వెతుక్కుంటాం. ఉందనే తెలియని మాటని ఎట్లా వెతకడం? అక్కడే ఈ వరస పనికొస్తుంది.

కపిల బావినే తీసుకోండి. కరెంటు మోటార్లు వచ్చినాక కపిలలు పోయినాయి, రాతి కట్టడాలు మిగిలినాయి. అట్లాంటి ఒక బావి ఫోటో పెట్టి ‘దీన్ని మీరేమంటారు?’ అని అడిగితే, మన పక్కవాళ్ళు కపిల అంటారు, తెలంగాణవాళ్ళు మోట అంటారు, కన్నడం తెలిసిన కోలారు మనిషి కపిలె అంటాడు, తమిళంవాళ్ళు కవలై అంటారు. ఇంతవరకూ పుస్తకాల్లోనూ దొరుకుతుంది. అసలు సంగతి ఆ తర్వాత. ఒకరు ‘బాన’ అని తోలుసంచి పేరు రాస్తారు. అది చూసి ఇంకొకరికి ‘తొండం’ గుర్తుకొస్తుంది, అంటే బాన అడుగున నీళ్ళు బయటికి పోసే తోలుగొట్టం. ఎడ్లు వాలులోకి దిగితే బాన పైకొస్తుందని, రెండో తాడు తొండాన్ని మడిచి పట్టుకుంటుందని, పైకొచ్చినాక అదే కాలవలోకి నీళ్ళు వదులుతుందని, ఎడ్లు తోలిన మనిషి రాస్తాడు. ఏ ఒక్కరినీ కూర్చోబెట్టి అడిగినా ఇవన్నీ ఒక్కసారే గుర్తుకురావు. ఒకరి మాట ఇంకొకరి జ్ఞాపకాన్ని తోడుతుంది.

ఫేస్‌బుక్ గుంపుల్లో పాత పోస్టు కింద ఎవరైనా కొత్తగా రాస్తే అది మళ్ళీ పైకి తేలే వీలుంది. ఆర్నెల్ల తర్వాత చూసిన మనిషి కూడా దాన్ని లేపగలడు. వాట్సాప్‌లో అట్లా కాదు, పైకి పోయింది పోయినట్టే. అయితే వాట్సాప్‌లో 2013 నుంచి గొంతు రికార్డు చేసి పంపే వీలుంది. తమిళనాడులో 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇంట్లో తెలుగు మాట్లాడినా తెలుగు అక్షరం రాని పిల్లలు మన ఇళ్ళలో ఎంతమందో మీకే తెలుసు. వాళ్ళు అవ్వ పక్కన కూర్చుని ఆమె గొంతే పంపిస్తున్నారు. యాస అందులో ఉన్నంత నిఖార్సుగా రాతలో ఉండదు.

ఇక మోసం సంగతి. మొదట రాసినవాడు ‘కపిల’ అంటే తర్వాత పదిమంది ‘అవును, కపిల’ అంటారు. అది పది సాక్ష్యాలు కాదు, ఒకే సాక్ష్యానికి పది సంతకాలు. బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు చూసి పాస్ చేయాలి, చూడకుండా చేస్తే ఏమవుతుందో ఆడిటర్లకు తెలుసు. అందుకే ముఖ్యమైన మాటైతే నేను పైవాళ్ళ జవాబులు చూడనివాళ్ళను విడిగా ఫోన్ చేసి అడుగుతాను. లైకులు అసలే లెక్కలోకి రావు. సంస్కృతంలో నుంచి పుట్టిందని ఏదో అందమైన కథ అల్లితే దానికి వందల లైకులు పడతాయి, ఎడ్లు తోలిన మనిషి మాటకి నాలుగు పడతాయి. ఎక్కువమంది తాకిన దాన్నే ఫీడు ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది కాబట్టి తప్పు కూడా అంతే జోరుగా పాకుతుంది.

చిట్టాలో రాసింది ఆవర్జాకి ఎక్కకపోతే ఏడాది తర్వాత దొరకదు. మన మాటలకి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఒకే మాటని ఒకరు తెలుగులో, ఒకరు కన్నడంలో, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకరు తమిళ అక్షరాల్లో రాస్తారు. తమిళ లిపిలో ప, బ లకి వేరే అక్షరాలు లేవు. ఇక వెతికితే ఏం దొరుకుతుంది? గొంతు సందేశాలనైతే అక్షరాలు కొట్టి వెతికే దారే లేదు. కాబట్టి గొంతు పంపినా కింద ఆ మాటని తెలుగు లిపిలో ఒకసారి కొట్టండి. లిపి రాకపోతే గుంపులో వచ్చినవాళ్ళెవరైనా కొట్టండి. చెప్పినవాళ్ళ ఊరు, సుమారు వయసు, ఏ పని చేసేవాళ్ళో రాయండి, పేరు అక్కర్లేదు. వారానికోసారి నేను వాటిని ఒక ఎక్సెల్ షీటులోకి ఎక్కిస్తున్నాను.

షీటులో బాన, తొండం, గిలక, మోకు ఉన్నాయి. తొండం కొసకి కట్టే సన్నతాడు పేరు గడి ఖాళీగా ఉంది. మీ ఇంట్లో కపిల తోలినవాళ్ళుంటే, ఈ పోస్టు కింద జవాబులు వాళ్ళకి చదివి వినిపించకుండా అడిగి రాయండి.