తోడినకొద్దీ ఊరే చెలిమె

కాన్పు అయి రెండో రోజు. బాలింత మంచం చుట్టూ అమ్మ, అత్తమ్మ, ఒకరిద్దరు చుట్టాలు. పసిబిడ్డ ఏడుపు ఆపడం లేదు. "పాలు వడ్తలేవు, డబ్బా తెప్పియ్యుండ్రి" అని ఎవరో ఒకరు అంటారు. నిర్మల్ పట్టణంలోనైనా, ఖానాపూర్, కడెం వైపు ఊళ్లలోనైనా ఈ మాట వినని బాలింత అరుదు. అన్నవాళ్లకు బిడ్డ మీద ప్రేమే తప్ప మరోటి లేదు. కానీ ఆ రోజుకు నిజం కాని ఆ మాటను, దాని వెంట ఇంటికి వచ్చిన డబ్బా రెండు మూడు వారాల్లో నిజం చేసేస్తుంది. అదెట్లా జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది.

ఎండాకాలం స్వర్ణ వాగు లాంటి వాగులు ఎండితే ఇసుకలో చెలిమె తీసేవాళ్లు. మూరెడు లోతు తవ్వితే అడుగున చిప్పెడు నీళ్లు. ముంచుకుంటే మళ్లీ ఊరుతాయి. ముంచకుండా వదిలేస్తే ఊట మందగిస్తుంది, ఇసుక జారి పూడుకుపోతుంది. తల్లి రొమ్ము పనితీరు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పోలిక దొరకలేదు. మనం దాన్ని కుండ అనుకుంటాం. నిండుగా ఉంటే పాలున్నట్టు, మెత్తబడితే అయిపోయినట్టు లెక్క వేస్తాం. అది కుండ కాదు, చెలిమె. ఖాళీ అయిన రొమ్ములో పాలు వేగంగా తయారవుతాయి, నిండిన రొమ్ములో నెమ్మదిస్తాయి.

బిడ్డ పుట్టి మాయ బయటపడగానే తల్లి రక్తంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. అన్నాళ్లూ దాని అదుపులో ఉన్న ప్రొలాక్టిన్ అప్పుడు పాల తయారీని ఊపందుకునేలా చేస్తుంది. ఈ మార్పు పూర్తయి రొమ్ములు బరువెక్కడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఇంకొంత ఆలస్యం కావచ్చు. అందాకా వచ్చేవి ముర్రుపాలే. తొలి 24 గంటల్లో అన్నీ కలిపినా సుమారు ముప్పై, నలభై మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ కప్పులో సగం. చిన్న కడుపున్న బిడ్డకు అవే తగిన కొలత. పచ్చగా, చిక్కగా, జిగురుగా ఉండే ఆ చుక్కల్లో రోగనిరోధక ప్రోటీన్లు తర్వాత వచ్చే పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బిడ్డ పేగులకు అవి లోపలి పూత లాంటివి. రెండో రోజు ఏడ్చే బిడ్డ చాలాసార్లు పాలు లేక కాదు, ఊట పెంచమని మళ్లీ మళ్లీ రొమ్ము అడుగుతున్నాడు. అప్పుడు డబ్బా పాలతో కడుపు నింపితే బిడ్డ నిద్రపోతాడు, రొమ్ములో పాలు అట్లాగే ఉండిపోతాయి. నిలవ ఉన్న పాలు తయారీని తగ్గించమనే సంకేతాన్ని అక్కడికక్కడే పంపుతాయి. మర్నాడు ఊట తగ్గుతుంది, డబ్బా కొలత పెరుగుతుంది.

మరో హార్మోను ఆక్సిటోసిన్. పాలు తయారయ్యే సన్నటి తిత్తుల చుట్టూ ఉన్న కండరాలను బిగించి పాలను ముందుకు నెట్టేది ఇదే. బిడ్డ ఏడుపు వినగానే, ఒక్కోసారి తలుచుకోగానే రొమ్ము జివ్వుమనడం దీని పనే. నొప్పి, భయం, చుట్టూ నిలబడి "పాలు లేవు" అనేవాళ్ల గొంతు దీన్ని కాసేపు ఆపేయగలవు. బాలింతను అట్లా అనకుండా ఉండటం కూడా వైద్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన రాష్ట్రం సంగతి. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. డాక్టరు, నర్సు పక్కనే ఉంటారు. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందింది 37 శాతం మంది పిల్లలకే. నాకు ఈ రెండు అంకెలను పక్కపక్కన చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. కారణాల్లో పెద్దది పెద్దాపరేషన్. అదే సర్వేలో రాష్ట్రంలో 60 శాతానికి పైగా కాన్పులు కోతతోనే అని తేలింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 శాతం. మనకు దగ్గర్లోని కరీంనగర్ జిల్లా రాష్ట్ర సగటును ఎప్పుడో దాటేసింది. ఆపరేషన్ అయితే తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో, తొలి గంట మధ్యలో ఎక్కడో పోతుంది.

పోనక్కర్లేదు. ఇప్పుడు ఎక్కువగా నడుముకే మత్తు ఇస్తారు కాబట్టి తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తుండగానే బిడ్డను ఆమె ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టవచ్చు. దీన్ని ముందే, ఎనిమిదో నెల చెకప్‌లోనే డాక్టరమ్మను అడిగి పెట్టుకోవాలి. ఆపరేషన్ బల్ల మీద అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది కుదరదు అనుకునేవాళ్లు కామారెడ్డి జిల్లా బాన్సువాడ వైపు చూడాలి. అక్కడి మాతాశిశు ఆసుపత్రి 2022లో తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు తెచ్చుకుంది.

కుట్లున్న తల్లికి ఒళ్లో పడుకోబెట్టుకుని పాలివ్వడం కష్టం. పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు. లేదా నీళ్లబిందెను చంకన పెట్టుకున్నట్టు బిడ్డను పక్కనుంచి పట్టుకుంటే కాళ్లు తల్లి వీపు వైపు పోతాయి, కుట్ల మీద బరువు పడదు. ఎట్లా పట్టుకున్నా బిడ్డ నోరు ఆవులించినంత పెద్దగా తెరుచుకోవాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా, ముఖ్యంగా కింది వైపుది, నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి మడత పడాలి, గదవ రొమ్ముకు ఆనాలి. మొదట్లో కాస్త గుంజినట్టు ఉండటం సహజం. కళ్లలో నీళ్లు తిరిగే నొప్పి మాత్రం పట్టు సరిగా లేదనడానికి గుర్తు. ఓర్చుకోవద్దు. చిటికెన వేలు బిడ్డ నోటి మూలన పెట్టి విడిపించి మళ్లీ పట్టించాలి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, అందులో రాత్రి పూటవి తప్పకుండా ఉండాలి. ప్రొలాక్టిన్ రాత్రుళ్లే ఎక్కువగా ఉంటుంది.

బిడ్డ నిద్రమత్తులో ఉన్నా, నెలలు నిండక నవజాత శిశు వార్డులో ఉన్నా, పట్టు కుదరకున్నా పాలు పిండాలి. ముర్రుపాలకు పంపు కంటే చేయే మేలు. ఉన్నవే కొన్ని చుక్కలు, అవీ జిగురు, పంపు గోడలకే అంటుకుపోతాయి. చేతులు సబ్బుతో కడుక్కుని, రొమ్మును కాసేపు మెత్తగా నిమిరి, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు వేళ్ల దూరంలో పెట్టాలి. ముందు ఛాతీ వైపు వెనక్కి నొక్కాలి, తర్వాత రెండు వేళ్లనూ దగ్గరికి ఒత్తాలి, వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు, చనుమొనను గుంజకూడదు. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ రాకపోవచ్చు. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆక్సిటోసిన్‌కు ఆ మాత్రం సమయం కావాలి. వేళ్లను చుట్టూ జరుపుతూ, రెండు రొమ్ములనూ మార్చి మార్చి పిండుతుంటే చుక్కలు ధారలవుతాయి.

ఆ పాలు పట్టడానికి సీసా వద్దు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. ఈనాటి నవజాత శిశు వార్డుల్లో నర్సులు వాడేదీ అదే ఆకారం. ముక్కున్న ఆ గిన్నెను కింది పెదవి మీద ఆనించి, బిడ్డ తనంతట మింగుతుంటే నెమ్మదిగా వంచాలి. నోట్లో గుమ్మరించకూడదు. కడగడం తేలిక, మూలల్లో పాలు నిలవవు, రబ్బరు పీకకు అలవాటు పడి రొమ్ము వద్దనే బెడదా ఉండదు.

పాలు బాగా దిగాక, పనికి వెళ్లాల్సినవాళ్లకు పంపు సాయపడుతుంది. వెనక రబ్బరు బుడ్డ ఉండే చవక రకం కొనవద్దని నా సలహా. పాలు ఆ బుడ్డలోకి పోతే శుభ్రం చేయడం అసాధ్యం. మీట నొక్కే చేతిపంపు గానీ కరెంటుది గానీ మంచిది. గరాటు భాగంలో చనుమొన ఒరుసుకోకుండా కదలాలి. గుంజుడు ఎక్కువ పెడితే పాలు ఎక్కువ వస్తాయన్నది అపోహ, నొప్పి పుడితే ఆక్సిటోసిన్ ఆగి పాలు తగ్గుతాయి. పది, పదిహేను నిమిషాలు పంపు పెట్టి, చివర రెండు నిమిషాలు చేత్తో పిండితే మిగిలినవీ వస్తాయి. పంపులో తక్కువ పడ్డాయని రొమ్ములో పాలు లేవనుకోవద్దు. బిడ్డ లాగినంత బాగా ఏ పంపూ లాగలేదు.

పిండిన పాలు బయట నాలుగు గంటలు ఆగుతాయని పుస్తకాల్లో ఉంటుంది. అది 25 డిగ్రీల గది లెక్క. మే నెలలో 44, 45 డిగ్రీలు మాడే నిర్మల్‌లో రేకుల ఇంటికి ఆ లెక్క చెల్లదు. ఎండాకాలం పిండిన వెంటనే పట్టాలి, లేదా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. తలుపులో కాదు, లోపలి గోడ దగ్గర. నాలుగు రోజుల వరకు ఫర్వాలేదు, కరెంటు తరచూ పోయే ఇంట్లో ఒక్క రోజే పెట్టుకోండి. దూరం తీసుకెళ్లాలంటే గట్టి ఐసు ముక్కలతో నింపిన థర్మోబాక్సు. వాడేముందు వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చన చేయాలి, పొయ్యి మీద కాచకూడదు. పైన మీగడలా తేరితే అవి విరిగిన పాలు కావు, నెమ్మదిగా తిప్పితే కలిసిపోతాయి. బిడ్డ ఎంగిలి తగిలి మిగిలినవి రెండు గంటల్లో పట్టకపోతే పారబోయాలి.

ఎండ అనగానే మరో మాట. "గొంతు తడారిపోతది" అని పసిబిడ్డకు చెంచాడు నీళ్లు, చక్కెర నీళ్లు పోస్తారు. తల్లిపాలలో 87 శాతం నీళ్లే. ఆరు నెలల దాకా ఎంత ఎండలోనైనా వేరే నీళ్లు అక్కర్లేదు. దాహమైతే బిడ్డ మరో రెండుసార్లు రొమ్ము అడుగుతాడు. ఆ నీళ్లు తాగాల్సింది తల్లి. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇస్తే పొట్ట వస్తుందని దాహం చంపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తేనె నాకించడం ఏడాది లోపు ప్రమాదం, అందులోని బ్యాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయగలవు. తిండి విషయంలో పాలిచ్చే తల్లికి రోజూ మామూలు కంటే 600 క్యాలరీలు ఎక్కువ కావాలి. రెండు జొన్న రొట్టెలు, గిన్నెడు పప్పు, ఒక గుడ్డు అదనంగా తింటే సరిపోతుంది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో పెట్టే భోజనం ఇందుకే. ఎల్లిపాయ, మెంతులు తింటే మంచిదే గానీ బిడ్డ లాగకుండా అవి ఊట పెంచలేవు.

నిర్మల్ గురించి రాస్తూ బీడీల మాట ఎత్తకుండా ఉండలేను. నిర్మల్ నుంచి జగిత్యాల దాకా వేల ఇళ్లలో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తారు. కంపెనీ జీతగాళ్లకు 2017 చట్ట సవరణతో 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. వెయ్యి బీడీలకింత అని లెక్కగట్టి ఇంట్లో పనిచేసే ఈ తల్లికి ఆ సెలవు ఆచరణలో దక్కడం అరుదు. పురుడు కాగానే మళ్లీ చాట ముందే. ఆమె బీడీ తాగకపోయినా తంబాకు దుమ్ము ఊపిరితో, చర్మంతో ఒంట్లోకి పోతుంది, నికొటిన్ పాలలోకి చేరుతుంది. అందుకని పాలు మాన్పించమని చెప్పేవాళ్ల మాట వినొద్దు, తల్లిపాలు లేకపోతే జరిగే నష్టం అంతకంటే పెద్దది. చేయాల్సింది వేరే ఉంది. చాట, తునికాకు కట్టలు బిడ్డ పడుకునే గదిలో ఉండకూడదు, వీలైతే పని వాకిట్లో గాలి తగిలే చోట. పని చేసేటప్పుడు పాత చీర లేదా అంగీ పైన వేసుకుని, పాలిచ్చేముందు అది విప్పి, చేతులు మోచేతుల దాకా, రొమ్ము మీద పడిన దుమ్ము కూడా కడుక్కోవాలి. నికొటిన్ రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది, కాబట్టి పాలిచ్చాక చాట ముందు కూర్చోవడం మేలు, చాట ముందు నుంచి లేచి నేరుగా పాలివ్వడం కంటే.

పాలు దిగిన రోజుల్లో రొమ్ములు రాళ్లలా గట్టిపడితే గట్టిగా పిసికించుకునే అలవాటు ఉంది. వేడి కాపడం పెట్టి మర్దన చేయమని డాక్టర్లూ చెప్పేవారు. ఇప్పుడా సలహా మారింది. గట్టి మర్దన లోపలి కణజాలాన్ని మరింత వాచేలా చేస్తుందని 2022 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాలిచ్చాక చల్లటి తడిగుడ్డ, తేలికపాటి నిమురుడు, ఎప్పటిలా పాలివ్వడం చాలు. జ్వరం, చలి, ఒకచోట ఎర్రబారిన నొప్పి ఒక రోజుకు మించితే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ సమయంలోనూ పాలు ఆపనక్కర్లేదు.

బిడ్డకు సరిపోతున్నాయో లేదో రొమ్మును చూసి కాదు, తడిగుడ్డలు లెక్కపెట్టి తెలుసుకోవాలి. ఐదో రోజు నుంచి రోజుకు ఆరు, అంతకు మించి తడిపితే పాలు చాలుతున్నట్టే. తొలి వారంలో బరువు కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాలకు పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి. మూత్రం తగ్గినా, బిడ్డ లేపినా లేవకుండా మగతగా పడి ఉన్నా, కామెర్ల పసుపు అరికాళ్ల దాకా పాకినా ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్నిటికంటే కష్టం, నెలలు నిండని బిడ్డను హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి పంపినప్పుడు. నిర్మల్ నుంచి హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల పైనే. అక్కడ 2017లో మొదలైన ధాత్రి తల్లిపాల బ్యాంకు ఉంది. ఇతర తల్లులు ఇచ్చిన పాలను 62.5 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి శుద్ధిచేసి ఇలాంటి పిల్లలకే పడతారు. బిడ్డ అక్కడ, కుట్లతో తల్లి ఇక్కడ. ఆ తల్లికి ఎవరైనా దగ్గర కూర్చుని చెప్పాలి: పుట్టిన ఆరు గంటల లోపే పిండటం మొదలుపెట్టమని, రోజుకు ఎనిమిది సార్లు, రాత్రి రెండింటికి కూడా, చుక్క రాకున్నా ఆపొద్దని. బిడ్డ తిరిగొచ్చే నాటికి చెలిమె పూడిపోకుండా ఉంచుతున్నది ఆ అర్ధరాత్రి చేతులే. ఆ పక్కన అత్తమ్మ ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్లు పట్టుకుని కూర్చుంటే ఇంకా మంచిది.